దగ్గితే ఆగాలి

గువ్వ బాగా చేసింది, అందుకని సీటు ఇవ్వలేమన్నారు.

ఆ మాటన్న మేడమ్ గొంతులో వెటకారం లేదు. పైగా సంతోషముంది. మీ అమ్మాయిని చూస్తే ముచ్చటేసిందమ్మా అని కూడా అంది. గువ్వ వాళ్ళమ్మ కుర్చీ అంచున కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలీక ముందు నవ్వేసింది. నవ్వాక, ఎందుకు నవ్వానా అనుకుంది.

ఇది ఇలా ఎందుకయ్యిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గువ్వకి పదమూడో ఏడు నడుస్తోంది. అసలు పేరు బళ్ళో హాజరు పిలవడానికే పనికొచ్చింది. ఇంట్లో మాత్రం వాళ్ళ నాన్న పెట్టిన ముద్దుపేరే స్థిరపడిపోయింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, చప్పుడైతే చాలు ముడుచుకుపోయేది. మనిషి పెరిగింది గానీ ఆ ముడుచుకోవడం పోలేదు. బళ్ళో గంట కొడితే బెంచీ కింద దూరేది. పుస్తకం తియ్యి, తేదీ వెయ్యి అని రెండు పనులు ఒకేసారి చెబితే రెండూ చెయ్యకుండా పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయేది. పాఠం చదవమంటే అక్షరం అక్షరం గుచ్చి గుచ్చి చూసేది, అదే పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే పొల్లు పోకుండా అప్పజెప్పేది. ఎవరి మొహంలోకీ చూసేది కాదు. మొహంలోకి చూస్తే మాట వినబడదంటుంది.

అబద్ధమెందుకు, బడివాళ్ళు చాన్నాళ్ళు ఓపిక పట్టారు. చివరికి ఒకరోజు తల్లినీ తండ్రినీ పిలిపించారు. తరగతి నిండా పిల్లలు, ఉన్నది ఒక్క టీచరు, మా వల్ల అయింది చేశాం అన్నారు. బళ్ళో ఇమడలేని పిల్లల కోసమే ఒక ట్యూషన్ సెంటరుందట. సాయంత్రం వెళ్ళొచ్చే ట్యూషన్ కాదు, బడికి బదులే అది. ఇద్దరు ముగ్గురు పిల్లలకి ఒక టీచరు. అక్కడ చేర్పించండి అన్నారు. చేరేదాకా ఏం చెయ్యాలని వాళ్ళమ్మ అడిగితే, చేరేదాకా ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు, అదేదో ఇంట్లో ఇప్పటిదాకా ఆ పిల్లకి చోటు లేనట్టు.

ఇంట్లో అంటే కొట్లోనే. గువ్వ వాళ్ళమ్మ బట్టలు సరిచేసే కొట్లో పనిచేస్తుంది. అక్కడ కొత్త బట్టలు కుట్టరు. కొనుక్కున్నవి బిగించడం, వదులు చెయ్యడం, ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టడం, కోట్లకి లోపలి గుడ్డ మార్చడం, ఊడిన జిప్పులు వెయ్యడం. వెనక గదిలో వేలాడే కోట్ల కింద ఒక ముక్కాలి పీట మీద గువ్వ కూర్చుని గుండీలు ఏరేది. రెండు కన్నాలవి ఒక డబ్బాలో, నాలుగు కన్నాలవి ఇంకో డబ్బాలో. కొట్టు యజమానిని అందరూ కత్తెర మాస్టారంటారు, ఆయన మంచివాడు. "ఉండనీ అమ్మా, పిల్ల దారిన పిల్ల ఉంటుంది" అన్నాడు. అది ఓదార్పుకి అన్నదే అయినా ఆమె గుండెల్లో రాయి పడింది. గువ్వకి అక్కడ హాయిగానే ఉంది. ఆ హాయే ఆమెకి భయం. ఆ కోట్ల కింద, ఆ పీట మీద, పిల్ల జుట్టు నెరిసేదాకా గుండీలు ఏరుతూ కూర్చున్నట్టు కళ్ళముందు కనిపించేది.

అందుకే సెంటరు నుంచి ఫలానా రోజు పిల్లని తీసుకురండి, చూసి చెబుతామని ఫోను వచ్చినప్పుడు ఆమెకి చూడడమన్న మాటొక్కటే చెవిలో పడింది. ఇన్నేళ్ళలో గువ్వని చూస్తామన్నవాళ్ళంతా చూసి కాదన్నవాళ్ళే. చూడడమంటే పరీక్షే. పరీక్షంటే తయారవ్వాలి.

తయారీ వంటింటి బల్ల దగ్గర మొదలైంది. గువ్వ వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని నుంచి రాగానే ఆయన్ని మేడమ్ కుర్చీలో కూర్చోబెట్టేది. ఆయనకి ఏదీ గంభీరంగా చెయ్యడం చేతకాదు, తన తల్లి కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, నీ పేరేమిటి, నీకు నచ్చిన లిఫ్టేది అని అడిగేవాడు. ఆ తల్లి, అంటే గువ్వ వాళ్ళమ్మకి అత్తగారు, పళ్ళెం మీద గరిటెతో కొట్టి బడిగంట అయ్యేది. గంట కొట్టగానే బల్ల కిందకి పోకుండా, బల్ల చాటున నీ బొటనవేలు నువ్వే పట్టుకో అని వాళ్ళమ్మ నేర్పింది. కళ్ళలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమంది. చేతులు ఒళ్ళో పెట్టుకోమంది. గుడ్ మార్నింగ్ చెప్పాక కూర్చోమంది, కూర్చున్నాక చెప్పకూడదంది. నాకు చదువుకోవడం ఇష్టం, కొత్త స్నేహితులంటే ఇష్టం అని రెండు వాక్యాలు అప్పజెప్పించింది. కొత్త స్నేహితులంటే నాకు ఇష్టమా అని గువ్వ అడిగింది. ఇష్టమే అని చెప్పింది వాళ్ళమ్మ.

అన్నీ కుదిరాయి గానీ ఒక్కటి కుదర్లేదు. మాట లిఫ్టుల మీదకి పోయిందా, ఇంక గువ్వని ఆపడం ఎవరి తరం కాదు. తాడెంత లావు, లిఫ్టు పైకెళితే కిందకి దిగే ఎదురు బరువెక్కడుంటుంది, తలుపు మూసుకోకపోతే ఎందుకు కదలదు, అన్నీ వరసగా, ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయినా చెబుతూనే ఉంటుంది. చెయ్యి ఊపితే మేడమ్ చూస్తుంది. కన్ను గీటితే గువ్వ చూడదు. ఆలోచించి ఆలోచించి వాళ్ళమ్మ ఒక సైగ కనిపెట్టింది.

"నేను దగ్గితే ఆగాలి. ఏ మాట మీదున్నా సరే."

గువ్వకి అది నచ్చింది. దానికి అన్నిటికన్నా నచ్చేది మార్పులేని నియమం. ఆ సాయంత్రం వాళ్ళమ్మ దగ్గడం, గువ్వ ఆగడం, మళ్ళీ "సరే, చెప్పు" అంటే చెప్పడం. ఇలా అదొక ఆటగా మారిపోయింది. అత్తగారు మాత్రం పళ్ళెం కింద పెట్టి, పిల్లకి స్విచ్చి పెట్టావన్నమాట అంది. లిఫ్టులవాడి ఇల్లు కదా అని నవ్వాడు కొడుకు.

సెంటరు ఒక పెయింట్ల కొట్టు మీద అంతస్తులో ఉంది. మెట్ల నిండా రంగుల వాసన. గదిలో గుండ్రటి బల్ల, పొట్టి బీరువాలు, కిటికీకి మందపాటి తెర. మేడమ్ కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేలాడేసుకుంది. గువ్వ గుడ్ మార్నింగ్ చెప్పి కూర్చుంది. చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. చూపు మేడమ్ కనుబొమల మధ్య నిలిచింది. అడిగినవాటికి వెంటవెంటనే జవాబులు. మీ నాన్న ఏం చేస్తారమ్మా అనగానే తాళ్ళూ బరువులూ మొదలయ్యాయి. వాళ్ళమ్మ మెల్లగా దగ్గింది. గువ్వ తాడు మీదే, మాట సగంలో ఆగి, మర్యాదగా నవ్వింది. బయట ఒక లారీ హారన్ మోగింది. గువ్వ కదల్లేదు. బల్ల చాటున బొటనవేలు పట్టుకున్న సంగతి వాళ్ళమ్మ ఒక్కదానికే తెలుసు. ఆ వేలు తెల్లగా పాలిపోయింది. అయినా పిల్ల కదల్లేదు. ఆ క్షణాన ఆమె ఒళ్ళంతా గర్వం పాకింది.

ఆ గర్వం మీదే ఆ మాట వచ్చి పడింది. మా దగ్గర చోటు చాలా తక్కువమ్మా, మామూలు తరగతిలో అసలు కూర్చోలేని పిల్లలకే ఇస్తాం, మీ అమ్మాయి చక్కగా కూర్చుంటుంది, మాట్లాడుతుంది, మాట వింటుంది, బడివాళ్ళు తొందరపడ్డట్టున్నారు, నేను వాళ్ళతో మాట్లాడతాను అంది మేడమ్. వాళ్ళమ్మ థాంక్స్ చెప్పింది. మెట్లు సగం దిగాక గాని, దేనికి థాంక్స్ చెప్పానో తట్టలేదు.

"నేను బాగా చేశానా?" అంది గువ్వ.

"బాగా చేశావమ్మా."

"మరి సీటు వచ్చిందా?"

రాలేదంది. బాగా చేస్తే వస్తుందన్నావుగా అంది గువ్వ. అన్నాను అంది. అప్పుడన్నది నిజమే, ఇప్పుడు జరిగిందీ నిజమే. రెండూ కలిపి పిల్లకి ఎలా చెప్పాలో ఆమెకి తెలీలేదు. బస్సులో కిటికీ వైపు గువ్వని కూర్చోబెట్టి తను కడ్డీ పట్టుకుని నిలబడింది.

ఇంట్లో ఆయన విని ముందు పకపకా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక ఇదొక్కటే పాసయింది, దీనికీ బయటికి పంపించారా అన్నాడు. భార్య మొహం చూసి నవ్వు దిగమింగాడు. అత్తగారు నవ్వలేదు.

"నొప్పని డాక్టరు దగ్గరికెళ్ళి, నొప్పి లేదని ఆయన్ని ఒప్పించి వచ్చావు కదే అమ్మాయ్."

"ఇన్నాళ్ళూ దాచలేదనే కదా అత్తయ్యా అందరూ తిట్టారు" అంది ఆమె. అత్తగారు, చదవేస్తే ఉన్న మతి పోయిందని ఎవరినో ఎందుకో తిట్టుకుంటూ పళ్ళెం కడగడానికి లేచింది.

మర్నాడు బడికి వెళితే అక్కడ ఇంకో తిరకాసు. సెంటరు మేడమ్ ఫోను చేసిందట. చాలా సంతోషం అన్నారు హెడ్మాస్టరు. అయితే మా గంట ఆ గంటే, మా తరగతి ఆ తరగతే, పిల్ల అక్కడ ఎలా కూర్చుందో మాకు తెలీదు, ఇక్కడ కూర్చోదు అన్నారు. అక్కడికెళితే బడికి వెళ్ళమంటారు, బడికొస్తే అక్కడికి వెళ్ళమంటారు. రెండిళ్ళ చుట్టానికి ఉపవాసమే అన్నట్టుంది. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. తిట్టుకుందామన్నా మనిషి దొరకలేదు, తనొక్కతే దొరికింది.

కొట్లోంచే మేడమ్‌కి ఫోను చేసింది. ఆరోజు ఏదో బాగా కుదిరింది మేడమ్, రోజూ అలా ఉండదు, ఇంకొక్కసారి చూడండి అంది. దగ్గు సంగతి నోటిదాకా వచ్చింది. మోసం చేసినవాళ్ళ పిల్లకి ఎవరిస్తారు సీటు అనిపించి మింగేసింది. మేడమ్, వచ్చేవారం క్లాసు జరిగేటప్పుడే తీసుకురండి, మిగతా పిల్లల మధ్య చూద్దాం అంది.

అప్పట్నుంచి అసలు తికమక మొదలైంది. నేర్పడం తెలుసు గానీ నేర్పింది వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆమెకి తెలీదు. కుట్టైతే విప్పొచ్చు. కత్తెర మొనతో ఒక్కో పోగూ తెంచి, గుడ్డని ఇస్త్రీ చేస్తే కన్నాలు కూడా కనిపించవు.

"ఈసారి నువ్వు ఉన్నట్టే ఉండు" అని చెప్పింది గువ్వకి.

"ఉన్నట్టంటే ఎలా?"

"నీకెలా ఉండాలనిపిస్తే అలా."

"నాకు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలనిపిస్తుంది. నువ్వు చెప్పావుగా."

అది కాదమ్మా, నేను చెప్పకముందు ఎలా ఉండేదానివో అలా అంది. ఏం చెప్పకముందు అని అడిగింది గువ్వ. నిజమే, చెప్పనిదెప్పుడు? నడవడం దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది. గంట కొడితే ఏం చేస్తావని అడిగి చూసింది. బొటనవేలు పట్టుకుంటానంది. ఇదివరకైతే? బెంచీ కిందకి వెళ్ళేదాన్నంది. అయితే ఈసారి, అని మొదలుపెట్టి ఎలా ముగించాలో తెలీక, బల్ల కిందకి వెళ్ళినా ఫర్వాలేదు అనేసింది.

"వెళ్ళాలా, ఫర్వాలేదా?"

గువ్వకి ఫర్వాలేదన్న మాట నచ్చదు. అది నియమమూ కాదు, నియమం కాకపోవడమూ కాదు. వాళ్ళమ్మ చాలాసేపు బల్ల మీద గుడ్డ సర్దింది.

"వెళ్ళు" అంది చివరికి.

గువ్వ లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, గౌను మోకాళ్ళ కింద సర్దుకుని బల్ల కిందకి వెళ్ళింది. బయటికి వచ్చి, సరిగ్గా ఉందా అంది. మళ్ళీ వెళ్ళింది. మూడోసారికి మరీ నేర్పుగా, మరీ మర్యాదగా వెళ్ళడం చూసి వాళ్ళమ్మ కుర్చీ పక్కకి లాగేసింది. గువ్వ బయటికి రాకముందే తనూ వంగి లోపలికి దూరింది. బల్ల అడుగున ఎప్పుడో ఆయన పెన్సిలుతో వేసిన కొలతలున్నాయి. ఒక మూల సాలెగూడు. పక్కన గువ్వ మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది.

"ఇక్కడ బాగుంటుందమ్మా. అందరి కాళ్ళే కనిపిస్తాయి, మొహాలు ఉండవు."

అత్తగారి కాళ్ళు వచ్చి ఆగాయి. కాసేపటికి అత్తగారి మొహం తలకిందులుగా కనిపించింది. ఏం చేయిస్తున్నావే అని అడిగింది. "ఏమో అత్తయ్యా" అంది కోడలు. ఈ మధ్య ఆమె పలికిన మాటల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు.

చలికాలం ముందు కొట్లో కోట్ల పని ఎక్కువ. పాత ఉన్ని కోట్లు విప్పితే పీచు గాల్లో లేచి గొంతులోకి పోతుంది. ఆ వారమంతా ఆమె గొంతు గరగరలాడుతూనే ఉంది. పెద్ద ఉద్యోగిలా ఉన్న ఒకాయన సరిచేయించుకున్న ప్యాంటు పట్టుకొచ్చి, నడుం దగ్గర ఊపిరాడట్లేదు, మీ టేపు తప్పు అని గొడవేసుకున్నాడు. టేపు తప్పు కాదండీ, కొలిచినప్పుడు పొట్ట లోపలికి బిగబట్టారు, పొట్ట బిగబట్టిన మనిషికి ఈ ప్యాంటు సరిగ్గా సరిపోతుంది అన్నాడు కత్తెర మాస్టారు. ఆయన రోజూ ఎవరో ఒకరికి చెప్పేమాటే. గువ్వ వాళ్ళమ్మ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఆయన చుట్టూ మళ్ళీ టేపు తిప్పుతూ, ఊపిరి వదలండి అని సైగ చేసింది. అంత రోజువారీ మాట కావడం వల్లేమో, అది తగలాల్సిన చోట ఆమెకి తగల్లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు సెంటరు గదిలో ఒక మూల చిన్న టీచరు ఇద్దరు పిల్లలతో నేల మీద కూర్చుని ఉంది. మేడమ్ గుండ్రటి బల్ల దగ్గర గువ్వని కూర్చోబెట్టింది. ఈసారి సైగలు లేవు, ఇంట్లోనే ఖాయం చేసుకుంది వాళ్ళమ్మ. గువ్వ గుడ్ మార్నింగ్ చెప్పింది. చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. చూపు కనుబొమల మధ్య నిలిచింది. నాకు చదువుకోవడం ఇష్టం, కొత్త స్నేహితులంటే ఇష్టం అంది, ఎవరూ అడక్కముందే. మేడమ్ గువ్వ వాళ్ళమ్మ వైపు చూసింది. పోయినసారి లాగే ఉందిగా అన్నట్టుంది ఆ చూపు. వాళ్ళమ్మ చెమటలు తుడుచుకుంది.

కాసేపటికి గువ్వ గోడల వైపూ తలుపు వైపూ చూడ్డం మొదలుపెట్టింది. ఏం కావాలమ్మా అని మేడమ్ అడిగింది.

"గంట ఎప్పుడు కొడతారు?"

"ఇక్కడ గంట లేదమ్మా."

గువ్వ దిక్కుతోచనట్టు చూసింది. "మరి నేను బల్ల కిందకి ఎప్పుడు వెళ్ళాలి?"

గదిలో ఆ మూలనున్న పిల్లలు కూడా తలెత్తారు. వాళ్ళమ్మకి నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. బల్ల కిందకి ఎందుకు వెళ్ళాలమ్మా అని మేడమ్ మెల్లగా అడిగింది. గువ్వ జవాబు మొదలుపెట్టింది. "అమ్మ చెప్పింది. మొదట వెళ్ళకూడదని చెప్పింది, తర్వాత వెళ్ళాలని..."

అప్పుడే పట్టుకుంది దగ్గు. ఉత్తుత్తిది కాదు, వారం రోజుల ఉన్ని పీచు. గువ్వ ఆ మాట మీదే ఆగిపోయింది. వాళ్ళమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బిగబట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ తెరలు తెరలుగా దగ్గింది. చిన్న టీచరు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మేడమ్ గువ్వ వైపు తిరిగి, ఫర్వాలేదు, చెప్పమ్మా అంది. గువ్వ చెప్పలేదు. నోరు సగం తెరిచి, వాళ్ళమ్మ వైపే చూస్తూ కూర్చుంది. మేడమ్ ఇంకోసారి అడిగింది. పిల్ల కదల్లేదు.

మేడమ్ మెడలో కళ్ళజోడు తీసి పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీకు దగ్గొస్తే ఆ పిల్ల ఆగిపోతోందేంటమ్మా? పోయినసారి కూడా ఇలాగే జరిగినట్టు గుర్తు."

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా ముందు చెయ్యాల్సింది వేరే ఉంది. గువ్వ ఇంకా అలాగే, సగం మాట నోట్లో పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఆపడానికి సైగ పెట్టింది గానీ, మళ్ళీ మొదలుపెట్టించడానికి తను తప్ప ఇంకెవరూ లేకుండా చేసింది. తను దగ్గి, లేచి వెళ్ళిపోతే, పిల్ల ఎంతసేపలా ఉండిపోతుంది? ఆ ఆలోచన వచ్చాక ఇంకే భయమూ పెద్దగా కనిపించలేదు.

"సరే, చెప్పు తల్లీ" అంది.

"...తర్వాత వెళ్ళాలని చెప్పింది" అని ముగించింది గువ్వ.

ఆ తర్వాత వాళ్ళమ్మ అంతా చెప్పేసింది. వంటింటి బల్ల, పళ్ళెం గంట, బొటనవేలు, దగ్గు, చివరికి బల్ల కిందకి వెళ్ళడం నేర్పిన సంగతి కూడా. చెబుతుంటే తనకే అది ఎవరో తిక్కలావిడ కథలా వినిపించింది. మేడమ్‌కి కోపం రాలేదు. కళ్ళజోడు తీసి తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. ఆవిడకీ ఎటూ పాలుపోనట్టుంది.

"మరి పోయినసారి నేను చూసింది ఎవర్ని?"

"తెలీదు మేడమ్. సగం పిల్లని, సగం నన్ను."

మీరు కాసేపు బయట కూర్చోండి అంది మేడమ్. వాళ్ళమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. దగ్గొచ్చింది, రుమాల్లో కుక్కుకుంది. మళ్ళీ వచ్చింది. తలుపు తెరుచుకుని చిన్న టీచరు తల బయటికి పెట్టి, ఏమనుకోకండి, మీ దగ్గు లోపలికి వినబడుతోంది, పిల్ల ఆగిపోతోంది, కాస్త కిందకి వెళ్ళొస్తారా అంది. ఆమె తలుపు సందులోంచి సరే, చెప్పు అనేసి, మెట్లు దిగి పెయింట్ల కొట్టు ముందు నిలబడింది. అద్దం వెనక రంగుల చీటీలు వరసగా అంటించి ఉన్నాయి. తెలుపే బోలెడన్ని రకాలు. ఏ తెలుపుకీ పక్క తెలుపుకీ తేడా తెలీలేదు. లోపల గువ్వ ఎలా ఉందో అనుకుంది. ఎలా ఉంటే మంచిదో కూడా తెలీనప్పుడు ఏమని మొక్కుకోవాలో అర్థం కాలేదు. బాగా ఉండాలని మొక్కుకుంటే సీటు పోతుంది. ఉండకూడదని మొక్కుకోవడానికి నోరు రాలేదు.

రోడ్డు మీద ఒక లారీ హారన్ కొడుతూ పోయింది.

తిరిగి పైకి వెళ్ళేసరికి గుండ్రటి బల్ల దగ్గర గువ్వ లేదు. బల్ల కింద ఉంది. పక్కనే నేల మీద చిన్న టీచరు కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఒక కాగితం, దాని మీద లిఫ్టు బొమ్మ. గువ్వ ఎదురు బరువు గీస్తోంది. టీచరు ఆ భాగాల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే పక్కన రాస్తోంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి గానీ ఆగకుండా పడుతున్నాయి. వాళ్ళమ్మ గుండె ఒకసారి జారింది, మళ్ళీ ఎక్కింది, ఎక్కడుండాలో దానికీ తెలీలేదు. ఆమె వంగి అడిగింది.

"నేను చెప్పాననే వెళ్ళావా?"

గువ్వ కాగితం మీంచి తలెత్తలేదు. "లారీ హారన్ కొట్టింది. నువ్వు చెప్పిందీ గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి అయ్యాయి."

అంటే దేనికి వెళ్ళినట్టు? అది గువ్వకీ తెలీదు, మేడమ్‌కీ తెలీదు. మేడమ్ ఆ మాటే అంది. ఒకరోజు చూసి తెలుసుకోవడం మా వల్ల కాదమ్మా, పోయినసారి తెలిసిందనుకోవడం నా పొరపాటు, సోమవారం నుంచి పంపించండి, కొన్నాళ్ళు చూద్దాం అంది. చేర్చుకున్నట్టా, చూస్తున్నట్టా అని వాళ్ళమ్మ అడిగింది. చేర్చుకుని చూస్తున్నట్టు అంది మేడమ్. ఒక్కటే షరతు. పిల్లని మెట్ల దగ్గర దింపి మీరు వెళ్ళిపోవాలి.

ఇంట్లో చెబితే ఆయన, ఈసారి ఫెయిలయిందన్నమాట, శుభం అన్నాడు. అత్తగారు, ఎవరు ఫెయిలయ్యారురా అంది. కోడలు ఆ మాట విననట్టు కూరగాయలు తరుక్కుంది.

సోమవారం పొద్దున్న పెయింట్ల కొట్టు ఇంకా తెరవలేదు. మెట్ల కింద వాళ్ళమ్మ గువ్వ గౌను కాలరు సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. గువ్వ మొదటి మెట్టెక్కి ఆగింది.

"పైన ఎవరు దగ్గుతారు?"

"ఎవరూ దగ్గరు."

"మరి ఎప్పుడు ఆగాలో నాకెలా తెలుస్తుంది?"

ఇన్నేళ్ళలో గువ్వ అడిగినవాటికి తెలిసినా తెలీకపోయినా ఏదో ఒక జవాబు చెప్పడం ఆమెకి అలవాటు.

"నాకూ తెలీదమ్మా. పైన వాళ్ళనడుగు. సాయంత్రం వచ్చి నాకూ చెప్పు."

గువ్వ రెండో మెట్టెక్కబోయి మళ్ళీ ఆగింది. "అడగాలా, అడిగినా ఫర్వాలేదా?"

"అది కూడా నువ్వే చూడు."

ఇది గువ్వకి నచ్చలేదు. మొహం ముడుచుకుంది. అయినా సంచీ భుజానికి ఎత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. సగం ఎక్కేసరికి ఆమె గొంతులో గరగర మొదలైంది. ఆమె రుమాలు నోట్లో కుక్కుకుంది. గువ్వ మలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. మొహంలోకి కాదు, కనుబొమల మధ్యకీ కాదు, వాళ్ళమ్మ చెప్పుల వైపు. ఆమె ఊపిరి బిగబట్టి, కళ్ళ నిండా నీళ్ళతో, చెయ్యి ఊపింది. పిల్ల మలుపు తిరిగింది. పైన తలుపు తెరుచుకుంది, ఎవరో ఏదో అన్నారు, తలుపు పడింది.

అప్పుడు ఆమె పెయింట్ల కొట్టు షట్టరు పట్టుకుని, కడుపారా దగ్గింది.